విశాఖలో లైట్ మెట్రోనా, కొత్త ఫ్లైఓవర్లా: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

అడిగింది ఇది: విశాఖ మెట్రో మొదటి దశకు 11,498 కోట్లు పోసే బదులు ఆ సొమ్ముతో జాతీయ రహదారి మీద కూడళ్లన్నిటికీ ఫ్లైఓవర్లు కట్టి, కొత్త రోడ్లు వేస్తే ఎక్కువమందికి మేలు కదా? లేదంటే ఒకే పిల్లర్ల మీద కింద ఫ్లైఓవర్, పైన మెట్రో వచ్చే డబుల్ డెక్కర్ ప్రతిపాదన ఎలాగూ ఉంది కాబట్టి తగవే లేదు కదా?

ముందే చెప్పేస్తాను. రెండో ప్రశ్నలోనే అసలు ప్రమాదం ఉంది. విడిగా చూస్తే మెట్రోకీ ఒక చోటుంది, ఫ్లైఓవర్‌కీ ఒక చోటుంది. ఒకే దారి మీద పొడుగునా రెండూ కడితే మాత్రం ఒకటి రెండోదాని ప్రయాణికులను లాగేసుకుంటుంది. అది ఎలాగో అంకెలతో చూద్దాం.

మొదట పేర్ల గందరగోళం తీసేయాలి. లైట్ రైల్ అనగానే చాలామంది రోడ్డు మీద నడిచే ట్రామ్‌ను ఊహించుకుంటారు. 2020 ప్రాంతంలో విశాఖకు ట్రామ్ ఆలోచన కూడా నడిచింది. ఇప్పుడు చేతిలో ఉన్నది అది కాదు. మొదటి దశ మొత్తం 46.23 కి.మీ., 42 స్టేషన్లు, పిల్లర్ల మీద నడిచే మెట్రో. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కి.మీ. వెన్నెముక లాంటి లైను. గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు దాకా 5 కి.మీ. పైచిలుకు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు దాకా 6.75 కి.మీ. రెండు చిన్న కొమ్మలు. కిలోమీటరుకు దాదాపు 249 కోట్లు పడుతుంది. సివిల్ పనులకు 2025 జులైలో టెండర్లు పిలిచారు.

ట్రామ్‌కు దగ్గరగా ఉండేది మెట్రోలైట్. దానికి కేంద్రం 2019లో ప్రమాణాలు విడుదల చేసింది. నేల మీదే, కంచె మధ్య, సుమారు 300 మంది పట్టే రైలు నడుస్తుంది. గంటకు ఒక దిశలో 15,000 మంది దాకా మోసే మార్గాలకు ఉద్దేశించింది. దాని ఖర్చు మామూలు మెట్రోలో 40 శాతం అని చెప్పారు. చవకే, కానీ ఒక చిక్కుంది. రెండు వైపులా మూడు నిమిషాలకొక రైలు నడిస్తే ప్రతి కూడలిలో సగటున 90 సెకన్లకు ఒక రైలు అడ్డం వస్తుంది. మన పెద్ద కూడళ్లలో సిగ్నల్ ఒక చుట్టు తిరగడానికే 120 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడుతుంది. అంటే రైలైనా ఆగాలి, అడ్డరోడ్డైనా గడ్డకట్టాలి. అందుకే నేల మీద లైట్ రైల్ బీచ్ రోడ్డు లాంటి అడ్డరోడ్లు తక్కువున్న చోట కుదురుతుంది. మద్దిలపాలెం, గాజువాకల్లో కుదరదు.

ఇక రోడ్డు లెక్క. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నగరంలో నాలుగు లేన్ల ప్రధాన రహదారి రెండు దిశలా కలిపి గంటకు 3,600 పీసీయూలు మోస్తుంది. పీసీయూ అంటే ఒక కారు ఆక్రమించే చోటు. టూవీలర్లు ఎక్కువున్న రోడ్డు మీద టూవీలర్‌కు 0.75, ఆటోకు 2, బస్సుకు 3.7 వేస్తారు. సిగ్నళ్లు లేని ఫ్లైఓవర్ కాబట్టి ఉదారంగా దాన్ని రెట్టింపు చేసి, ఒక దిశలోనే 3,600 వెళ్తాయని ఒప్పుకుందాం. సిటీ బస్సులు, షేర్ ఆటోలు ఫ్లైఓవర్ ఎక్కవు, ఎందుకంటే వాటి ప్రయాణికులు కింద కూడలిలోనే ఉంటారు. కాబట్టి పైన వెళ్లే వంద వాహనాల్లో 65 టూవీలర్లు, 28 కార్లు, 7 ఆటోలు అనుకోండి. అవి 91 పీసీయూలు. టూవీలర్‌కు 1.4, కారుకు 1.8, ఆటోకు 2.5 మంది చొప్పున 159 మంది అవుతారు. ఆ లెక్కన 3,600 పీసీయూల్లో వెళ్లేది గంటకు సుమారు 6,300 మంది.

హైదరాబాద్‌లో నడిచే మూడు బోగీల మెట్రో రైలు కిక్కిరిస్తే సుమారు వెయ్యి మందిని మోస్తుంది. మూడు నిమిషాలకు ఒకటి నడిపితే గంటకు 20,000. పది నిమిషాలకు ఒకటి నడిపితే 6,000, అంటే ఫ్లైఓవర్ కంటే కాస్త తక్కువే. మెట్రో గొప్పదనం పట్టాల్లో లేదు, రైళ్ల మధ్య విరామంలో ఉంది. రైళ్లు కొనడానికి డబ్బు సరిపోక విరామం పెంచేసిన రోజున ఆ 249 కోట్ల కిలోమీటరు ఒక మామూలు ఫ్లైఓవర్ పనే చేస్తుంది. అరవై మందితో గంటకు వంద సిటీ బస్సులు వెళ్లే ప్రత్యేక లేను కూడా 6,000 మందిని మోస్తుందని పక్కన రాసి పెట్టుకోండి.

ఫ్లైఓవర్ పాడయ్యేది మధ్యలో కాదు, కొనలో. పైన గంటకు 3,600 పీసీయూలు సాఫీగా వస్తాయి. ర్యాంపు దిగిన చోట తర్వాతి సిగ్నల్ ఉంటుంది. సిగ్నల్ దగ్గర 7 మీటర్ల వెడల్పు దారి పచ్చలైటు వెలిగినంతసేపు గంటకు 525 × 7, అంటే 3,675 పీసీయూల వేగంతో వదులుతుంది. చుట్టులో 40 శాతం సమయమే పచ్చలైటు దక్కితే నిజంగా దాటేవి 1,470. మిగిలిన 2,100 పైచిలుకు ర్యాంపు మీదే పేరుకుంటాయి, నిమిషానికి 35 చొప్పున. పావుగంటలో వరస ఫ్లైఓవర్ మీదికి ఎక్కుతుంది. హైదరాబాద్‌లో 2009లో తెరిచిన 11.6 కి.మీ. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆరాంఘర్ వైపు నుంచి హాయిగా వచ్చి మెహదీపట్నం కొసన ఇరుక్కోవడం ఆ ఊరివాళ్లందరికీ తెలిసిందే. పైన దారి ఎంత బాగున్నా దిగే చోటు నోరు చిన్నది.

అయితే తర్వాతి సిగ్నల్‌కూ ఇంకో ఫ్లైఓవర్ కడదాం అంటారు. ఇక్కడ పొడవుల లెక్క అడ్డొస్తుంది. కింద లారీలకు 5.5 మీటర్ల ఖాళీ ఉండాలి, పైదారిని మోసే దూలం (గర్డర్) మందం రెండు మీటర్లు అనుకుంటే పైతలం 7.5 మీటర్ల ఎత్తు. ముప్పై మీటర్లకు ఒక మీటరు వాలు చొప్పున ఒక్కో ర్యాంపు 225 మీటర్లు, ఎక్కే, దిగే చోట్ల వంపులు కలిపితే 250 దాటుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న కూడళ్ల మధ్య దిగి మళ్లీ ఎక్కడం కుదరక ఫ్లైఓవర్ పొడుగ్గా సాగిపోతుంది. అప్పుడది కూడలి మరమ్మతు కాదు, ఎలివేటెడ్ హైవే అవుతుంది. ఖర్చూ అలాగే పెరుగుతుంది. హైదరాబాద్ ఇందిరాపార్కు–వీఎస్టీ స్టీల్ వంతెన 2.25 కి.మీ.కి సుమారు 450 కోట్లు అయింది, అంటే కిలోమీటరుకు 200 కోట్లు. రద్దీ బజారులో స్థలసేకరణ తప్పించుకోవడానికి ఉక్కుతో కట్టారు కాబట్టి అది ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ 'ఫ్లైఓవర్ అంటే చవక' అని కళ్లు మూసుకుని అనే రోజులు పోయాయి.

కొత్త రోడ్డు వేస్తే కొత్త వాహనాలు పుడతాయన్న మాట మీరు వినే ఉంటారు. అది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. అప్పటిదాకా ఏడున్నరకే బయల్దేరేవాడు ఎనిమిదిన్నరకు జరుగుతాడు, బస్సెక్కేవాడు బండి తీస్తాడు, మధురవాడ అవతల ఫ్లాటు కొనడం 'దగ్గరే' అనిపిస్తుంది. ఈ మూడూ కలిసి కొన్నేళ్లలో రద్దీని పాత స్థాయికి తెస్తాయి. ఒక్క రకం రోడ్డుకు ఇది తక్కువ వర్తిస్తుంది: ఊళ్లోకి రావాల్సిన పనిలేని బండిని ఊరి బయటే తిప్పే బైపాస్. అనకాపల్లి–ఆనందపురం ఆరు లేన్ల రోడ్డు అలాంటిది. దాంతో నగరం లోపలి జాతీయ రహదారి నుంచి దూరప్రయాణ లారీల భారం కొంత తగ్గింది. ఇంకా కొత్త రోడ్లకే ఖర్చు పెట్టాలంటే నగరాన్ని చీల్చే ఎలివేటెడ్ హైవే కంటే ఆ బైపాస్‌కు కలిపే అనుసంధాన రోడ్లు, పోర్టు లారీలకు విడి దారి ముందు రావాలి.

ఇక మెట్రో వైపు తిరుగుదాం. ఇక్కడ నమ్మకం కంటే గడియారం ముఖ్యం.

ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా లెక్కేయండి. స్టేషన్‌కు నడక 7 నిమిషాలు, మెట్లు, తనిఖీ, ప్లాట్‌ఫాం చేరడం 3, రైలు కోసం ఎదురుచూపు 3, దిగి కిందికి రావడం 2, మళ్లీ నడక 7. రైల్లో కాలు పెట్టకముందు, దిగిన తర్వాత పోయేవే 22 నిమిషాలు. స్టేషన్లు సగటున 1.2 కి.మీ.కి ఒకటి ఉన్నాయి కాబట్టి రైలు సగటు వేగం గంటకు 33 కి.మీ. ప్రాంతంలో ఉంటుంది. 8 కి.మీ. ప్రయాణానికి మెట్రోలో 36 నిమిషాలు. రద్దీలో గంటకు 15 కి.మీ. చొప్పున ఈడ్చుకుంటూ వెళ్లే బండికి 32, పార్కింగ్‌కు ఇంకో రెండు. బండే గెలిచింది. 15 కి.మీ.కి మెట్రో 49, బండి 62. ఇక్కడ మెట్రో గెలుస్తుంది. ఇద్దరూ సమానమయ్యేది 9 కి.మీ. దగ్గర. గాజువాక నుంచి మధురవాడ వెళ్లేవాళ్లకు మెట్రో వరమే. కంచరపాలెం నుంచి మద్దిలపాలెం వెళ్లేవాళ్లకు కాదు.

ఇప్పుడు అదే దారి మీద మెట్రో కింద నాలుగు లేన్ల ఫ్లైఓవర్ పెట్టండి. ఫ్లైఓవర్ మీద బండి గంటకు 30 కి.మీ. వెళ్తే 8 కి.మీ.కి 18 నిమిషాలు, 15 కి.మీ.కి 32. మెట్రో ఏ దూరంలోనూ గెలవదు. పైగా ప్లాట్‌ఫాం రెండో అంతస్తు నుంచి మూడో అంతస్తుకు వెళ్లింది కాబట్టి ఎక్కడం, దిగడం ఇంకో రెండు మూడు నిమిషాలు పెరుగుతుంది. ఫ్లైఓవర్ దూరప్రయాణికులకు పనికొస్తుంది, మెట్రో బతికేది కూడా సరిగ్గా వాళ్ల మీదే. ర్యాంపు కొసలు మూసుకుపోయి ఫ్లైఓవర్ మళ్లీ నెమ్మదించేనాటికి మెట్రో నష్టాల్లో పడి, రైళ్ల సంఖ్య తగ్గించి ఉంటారు.

విశాఖలో డబుల్ డెక్కర్‌ను మధురవాడ–తాటిచెట్లపాలెం మధ్య సుమారు 15 కి.మీ., గాజువాక–స్టీల్‌ప్లాంట్ మధ్య 4 కి.మీ. ప్రతిపాదించారు. నాగ్‌పుర్‌లో వార్ధా రోడ్డు మీద 3.14 కి.మీ., కాంప్టీ రోడ్డు మీద ఐదున్నర కి.మీ. పైచిలుకు కట్టి నడుపుతున్నారు, కాబట్టి ఇంజినీరింగ్‌గా కుదిరే పనే. ఒకే పునాది, ఒకేసారి తవ్వకం, స్థలం ఆదా అన్న వాదన కూడా నిజమే. కానీ పిల్లర్ మీద రోడ్డు బరువు పడితే నేలలోకి దించే పునాది స్తంభాలు (పైళ్లు) పెరుగుతాయి, పోర్టు వైపు మెత్తటి సముద్రపు బంకమట్టిలో ఇంకా లోతుకు దిగాలి. 2014 హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు కాబట్టి మూడో అంతస్తు ఎత్తులో గాలి భారం వేరే లెక్క. నాలుగు లేన్ల ఫ్లైఓవర్ ర్యాంపు నేలకు దిగిన ప్రతిచోటా 16, 17 మీటర్ల వెడల్పు మింగుతుంది. ఆ మేరకు కింద బస్సులు, షేర్ ఆటోలు, నడిచేవాళ్లు రెండు పక్కల సర్వీసు రోడ్డులోకి నెట్టబడతారు. డబుల్ డెక్కర్ బొమ్మల్లో ఎప్పుడూ మధ్య భాగమే గీస్తారు, ర్యాంపు దగ్గర రోడ్డును అడ్డంగా కోసి చూపే బొమ్మ ఎవరూ చూపించరు. అది అడిగి చూడండి.

టూవీలర్ లేనివాళ్లు మెట్రో ఎక్కుతారు కదా అంటే, అక్కడ ఇంకో మార్పు వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు సిటీ బస్సు ఉచితం. ఉచిత బస్సు వదిలి 30, 40 రూపాయల టిక్కెట్టు కొనేవాళ్లు ఎందరు? అంతకుముందు వేసిన ప్రయాణికుల అంచనాలను ఈ ఒక్క కారణంతోనే తిరిగి లెక్కించాలి. హైదరాబాద్‌లో తొలి అంచనా 2014కే రోజుకు 15 లక్షలు. 69 కి.మీ. పూర్తిగా నడుస్తున్నా వాస్తవం ఐదు లక్షల లోపే తిరుగుతోంది. చివరికి 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. అయినా ఎల్‌బీ నగర్–మియాపూర్ లైనును ఆపేస్తే ఆ రోడ్డు ఏమవుతుందో ఊహించండి. మెట్రో పనికిరాదని కాదు నా మాట, అంచనా మూడింతలు వేసి అప్పు తెచ్చారని.

హైదరాబాద్ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి, చిన్న లైన్ల సంగతి. జేబీఎస్–ఎంజీబీఎస్ లైను 11 కి.మీ. మూడింటిలో ప్రయాణికులు అతి తక్కువ దానికే. చిన్న లైనుకు వచ్చేవాళ్లలో చాలామంది వేరే లైను నుంచి మారాలి, మారడమంటే మళ్లీ దిగి, నడిచి, ఎక్కి, ఎదురుచూడటం. విశాఖలో గురుద్వారా–పాత పోస్టాఫీసు 5 కి.మీ. మాత్రమే. కానీ ఆర్టీసీ కాంప్లెక్సు, డాబాగార్డెన్స్, అంటే ఊరి అసలు గుండె, ఆ కొమ్మ మీదే ఉంది. గాజువాక నుంచి వచ్చేవాళ్లు గురుద్వారా దగ్గర దిగి మారాల్సి వస్తే సగంమంది నేరుగా కాంప్లెక్సుకు వెళ్లే బస్సే ఎక్కుతారు. కొన్ని రైళ్లు గాజువాక నుంచి నేరుగా పాత పోస్టాఫీసుకు మళ్లేలా గురుద్వారా దగ్గర పట్టాల జంక్షన్ ఇప్పుడే కట్టుకోవాలి. పిల్లర్లు లేచాక అక్కడ పట్టాలు చీల్చడం దాదాపు అసాధ్యం. ఆ జంక్షన్ ఉంటే మూడు లైన్లకూ ఒకే డిపో సరిపోయే వీలూ ఉంటుంది.

పని మొదలయ్యాక ఏం చెడుతుంది? చాలాసార్లు భూమి కింద ఉన్నదే. ఎడిన్‌బరో ట్రామ్ చూడండి. మొత్తం పథకానికి 54.5 కోట్ల పౌండ్లు అనుకున్నారు, పైపులు, కేబుళ్లు జరపడంలో, కాంట్రాక్టు తగాదాల్లో ఇరుక్కుని 2014లో లైనును కుదించి తెరిచేసరికి 77.6 కోట్లు అయింది. అదే ఊరు న్యూహేవెన్ పొడిగింపును 2023లో అనుకున్న 20.7 కోట్లలోనే ముగించింది. విశాఖలో హుద్‌హుద్ తర్వాత విద్యుత్ లైన్లను భూగర్భంలోకి దించారు. తాగునీటి పైపులు, భూగర్భ మురుగు కాలువలు (యూజీడీ) సరేసరి. పాత మ్యాపుల్లో గీసిన చోట పైపు ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. భూమి లోపలి పైపులను పసిగట్టే రాడార్ సర్వే, దాని తర్వాత ప్రతి పిల్లర్ స్థానంలో చేత్తో తవ్విన పరీక్ష గొయ్యి, ఆ తర్వాతే పిల్లర్ డిజైన్. కేబుళ్లు జరపడం అయిపోయిన ముక్కనే కాంట్రాక్టరుకు అప్పగించాలి. ఖాళీ లేని రోడ్డు అప్పగిస్తే యంత్రాలు ఊరికే నిలబడిన రోజులకు కూడా బిల్లు వస్తుంది. బారికేడ్లు రోడ్డు మధ్యలో 8, 9 మీటర్లు తీసుకుంటాయి, అంటే రెండు మూడు లేన్లు ఏళ్ల తరబడి పోతాయి. కాబట్టి పని మొదలుకాకముందే సర్వీసు రోడ్లు వెడల్పు చేసి, కాలువలకు మూతలు వేసి సిద్ధం చేయాలి.

ఇవన్నీ కలిపితే ఖర్చు వరస ఇలా ఉండాలని నా అభిప్రాయం. ముందుగా స్టేషన్లు రాబోయే ప్రతి చోటా 500 మీటర్ల చుట్టుపక్కల ఫుట్‌పాత్‌లు, జాతీయ రహదారి దాటడానికి దారులు. పైన వేసిన 22 నిమిషాలను 14కు తగ్గిస్తే మెట్రో గెలిచే దూరం 9 కి.మీ. నుంచి 5.5కు దిగుతుంది, ఇంత చవకగా ప్రయాణికులను తెచ్చే మార్గం ఇంకోటి లేదు. రెండోది సిటీ బస్సులు. 150 ఎలక్ట్రిక్ బస్సులు ఒక కిలోమీటరు మెట్రో ఖర్చు దాటవు. బస్సు లేను మాత్రం నిజంగా బస్సుకే ఉండాలి, పెందుర్తి బీఆర్‌టీఎస్‌లో బస్సుల కోసం వేసిన మధ్య లేన్లు చివరికి అందరివీ అయ్యాయి. మూడోది మెట్రోలో గాజువాక నుంచి హనుమంతవాక దాకా, గురుద్వారా కొమ్మతో కలిపి. కొమ్మాది వైపు తర్వాత పొడిగించుకోవచ్చు. ఫ్లైఓవర్ విషయానికొస్తే, అడ్డరోడ్డు ప్రవాహం నిజంగా ప్రధాన ప్రవాహాన్ని నిలిపేస్తున్న ఒకటి రెండు కూడళ్లలో చాలు. 2020లో వాడుకలోకి వచ్చిన ఎన్‌ఏడీ వంతెన లాంటివి, పొట్టివి, మెట్రో పిల్లర్లకు చోటు ముందే వదిలి. పదిహేను కిలోమీటర్ల ఫ్లైఓవర్ వద్దు.

డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) చేతికొస్తే ముందు మాటలు వదిలేసి సెక్షన్ల వారీ రద్దీ పట్టికకు వెళ్లండి. ఏ రెండు స్టేషన్ల మధ్య గంటకు ఎంతమంది అన్నది అందులో ఉంటుంది. 34 కి.మీ. లైనులో గరిష్ఠ రద్దీ పది కిలోమీటర్లలోనే ఉండి, కొసల్లో అందులో నాలుగో వంతుకు పడిపోతే అన్ని రైళ్లూ చివరిదాకా తిప్పనక్కర్లేదు, మధ్యలో తిప్పే పట్టాలు ఎక్కడ పెట్టారో చూడండి. ప్రయాణికుల అంచనా వేసినప్పుడు కింది ఫ్లైఓవర్‌ను లెక్కలో కలిపారా, ఉచిత బస్సును కలిపారా? ఎన్ని సిటీ బస్సులను స్టేషన్లకు మళ్లిస్తామని ఊహించారు, ఆ బస్సులు ఎవరు కొంటారు? మొదటి రోజు రైళ్ల విరామం ఎంత? టిక్కెట్ల ఆదాయం నిర్వహణకు చాలని ఏడాది ఆ తేడా ఏ ఖాతా నుంచి వస్తుంది? వాన నీటి పైపులు పిల్లర్ లోపలి నుంచి భూగర్భ కాలువలోకి వెళ్తున్నాయా, రోడ్డు మీదికే వదిలేశారా అన్నది కూడా అదే డ్రాయింగుల్లో కనిపిస్తుంది.